హెల్మెట్, జాకెట్, బూట్లకు ఇన్సూరెన్స్ దొరుకుతుందా? అడ్వెంచర్ రైడర్లు చెప్పండి

తూర్పుకనుమ_450 (రాజమండ్రి)
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్‌లో పడ్డాను. కంగారు పడకండి, బాగానే ఉన్నాను. కుడి భుజం నాలుగు రోజులు నొప్పి పెట్టింది, అంతే. వాన నీళ్లకు కొట్టుకొచ్చిన గ్రావెల్ మలుపులో పరుచుకుని ఉంది. ముందు చక్రం జారింది. వేగం 35 దాటలేదు. ఎదురుగా బండి లేదు, మనిషి లేడు. బండీ నేనూ కలిసి ఓ పన్నెండు అడుగులు జారాం.

బండి హిమాలయన్ 450. ఫుల్ ఇన్సూరెన్స్, జీరో డెప్ (అరుగుదల కోయకుండా పార్టుల ధర ఇచ్చే కవర్) కూడా ఉంది. క్రాష్ గార్డు, హ్యాండిల్, బ్రేక్ లివర్, ఇండికేటర్, సైడ్ ప్యానెల్ అన్నీ కలిపి 28 వేల చిల్లర బిల్లయింది. నా చేతి నుంచి రెండు వేల లోపే పడింది. దాని గురించి నాకు ఏ కంప్లైంటూ లేదు.

నా బాధ ఒంటికి తొడుక్కునే రైడింగ్ గేర్ గురించి. హెల్మెట్ 16,500, జాకెట్ 14,800, గ్లవ్స్ 4,200, బూట్లు 15,500. మొత్తం 51 వేలు. జాకెట్ మోచేయి దగ్గర గుడ్డ చిరిగి లోపలి ఆర్మర్ (దెబ్బ ఆపే ప్యాడ్) బయటికి వచ్చింది. కుడి గ్లవ్ అరచేతి దగ్గర కుట్లు పోయాయి. బూటు బకిల్ విరిగింది. నా ఒంటికి తగలాల్సిన దెబ్బలన్నీ ఇవే తిన్నాయి. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ గారు బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంటుంటే జాకెట్ తెచ్చి చూపించాను. "అది మీ ఒంటి మీదిదండీ, పాలసీ బండికి" అన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఉన్నమాటే చెప్పారు.

ఇంటికొచ్చాక హెల్మెట్ చెంప ప్యాడ్లు, లోపలి గుడ్డ ఊడదీసి ఫోన్ టార్చి వేసి చూశాను. బయట రెండు గీతలు, కాస్త పెయింట్ పోయింది. లోపల కుడి చెవి పైన థర్మోకోల్ మీద మాత్రం వేలిగోరంత పొడవున సన్నటి చీలిక కనిపించింది. మా బావమరిది చూసి "బాగానే ఉంది కదా బావా, ఇంకో ఏడాది లాగించెయ్" అన్నాడు. దాన్ని పారేయాలంటే 16,500 గుర్తొస్తోంది. తలకు పెట్టుకుందామంటే ఆ చీలిక గుర్తొస్తోంది. వారం నుంచి బీరువా మీదే ఉంది.

మూడు లక్షల బండికి ఇన్సూరెన్స్ ఉన్నప్పుడు అర లక్ష గేర్‌కు ఎందుకు ఉండదు? ఎవరైనా చేయించుకున్నారా? డబ్బు వచ్చిందా?

---

గోదారిగట్టు_రైడర్ (భద్రాచలం)
శనివారం, రాత్రి 10:05

ముందు మీరు క్షేమంగా ఉన్నారు, అది చాలు అన్నా. ఆ మలుపు నాకు తెలుసు. వాన పడిన మర్నాడు ఆ దారిలో రోడ్డుకు ఎడమ సగం మొత్తం రాళ్లపొడి ఉంటుంది. గేర్ ఇన్సూరెన్స్ సంగతి నాకూ తెలియదు, తెలుసుకోవాలని ఉంది. హెల్మెట్ మాత్రం మళ్లీ పెట్టుకోకండి. థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు. ఆ చోట రెండోసారి దెబ్బ తగిలితే ఆపడానికి అక్కడ ఏమీ ఉండదు.

---

సర్వే_బాబాయ్ (గుంటూరు)
ఆదివారం, ఉదయం 7:15

నేను ఇరవై ఏళ్లుగా మోటారు సర్వేయర్‌గా పని చేస్తున్నాను. మా అబ్బాయి రైడర్, వాడి వల్ల ఈ గేర్ ధరలు నాకూ బాగానే తెలుసు. కొంచెం వివరంగా చెప్తాను.

మన దేశంలో టూవీలర్ ప్యాకేజీ పాలసీలో (మీరన్న ఫుల్ ఇన్సూరెన్స్ ఇదే) మొదటి భాగం బండికీ, బండికి బిగించి ఉన్న యాక్సెసరీలకీ జరిగే నష్టం గురించి. బిగించి ఉన్న అన్నదే ఇక్కడ కీలకం. ఫాగ్ లైట్లు, పానియర్ (పక్కల తగిలించే పెట్టె) ఫ్రేము, టాప్ బాక్స్ లాంటివి మీరు తర్వాత పెట్టించుకుంటే వాటి విలువ పాలసీలో విడిగా రాయించాలి. కరెంటుతో పనిచేసే వాటికి పాత టారిఫ్ (రేట్ల పట్టిక) ప్రకారం విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. రాయించకపోతే బండితో పాటు అవి పగిలినా నేను లెక్కలోకి తీసుకోలేను. మీరు తొడుక్కునే జాకెట్, హెల్మెట్ ఈ మాటల కిందికి రావు. బండి దిగి మీరు నడిచి వెళ్తే అవీ మీతోనే వస్తాయి కదా.

చాలామందికి తెలియని ఇంకో షరతు ఉంది. టూవీలర్ పాలసీలో యాక్సెసరీ మాత్రమే దొంగతనమైతే డబ్బు రాదు. బండి కూడా దాంతోపాటే పోవాలి. రాత్రి లాడ్జి ముందు పెట్టిన బండి నుంచి పానియర్ బాక్స్ విప్పుకుపోయారని ఏటా నాకు ఫోన్లు వస్తాయి. అందులో జాకెట్ ఉంది, రెయిన్ లైనర్ ఉంది అని చెప్తారు. నేను ఏమీ చేయలేను.

ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది కదా అంటారు కొందరు. అది ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా ఇచ్చేది. వస్తువులకు సంబంధం లేదు.

గేర్‌కు మొత్తంగా ఒకే పాలసీ అనేది మన దగ్గర నేను చూడలేదు. కొన్ని కంపెనీలు టూవీలర్ పాలసీకి హెల్మెట్ కవర్ అనే యాడ్ ఆన్ (అదనంగా చేర్చుకునే కవర్) ఇస్తున్నాయి. అది హెల్మెట్‌కే. మిగతాది మూడు నాలుగు చోట్ల నుంచి అతుకులు వేసుకోవాలి. తీరికగా ఇంకోసారి రాస్తాను.

---

విశాఖ_ఎక్స్‌పల్స్ (విశాఖపట్నం)
ఆదివారం, ఉదయం 11:30

నా అనుభవం వేరే రకం. నాకు గేర్ డబ్బు కొంత వచ్చింది, కానీ నా పాలసీ నుంచి కాదు.

మూడేళ్ల కిందట అరకు నుంచి తిరిగి వస్తుంటే ఎస్.కోట దాటాక ఒక కారు ఎడమ పక్క ఆగి ఉండి, వెనక చూసుకోకుండా ఒక్కసారిగా యూ టర్న్ కొట్టింది. తప్పించుకునే జాగా లేదు. కాలర్ బోన్ విరిగింది. ఆసుపత్రిలో నర్సు జాకెట్ కత్తిరించబోతే మా అన్నయ్య ఆపి, జిప్పు విప్పి మెల్లగా తీశాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది, నొప్పితో అల్లాడుతుంటే వీడికి జాకెట్ గొడవేంటి అని. తర్వాత అదే పనికొచ్చింది.

ఎఫ్ఐఆర్ అయ్యాక మా అన్నయ్య స్టేషన్‌కు హెల్మెట్, జాకెట్, పగిలిన ఫోన్ మౌంట్ అన్నీ తీసుకెళ్లి, పంచనామాలో బండితో పాటు వాటినీ రాయించాడు. ఊరికే "జాకెట్ ఒకటి" అని కాదు. రంగు, కంపెనీ, ఎక్కడ చిరిగింది, హెల్మెట్ మీద గీత ఎటువైపు ఉంది, అన్నీ. స్టేషన్ రైటర్ గారు మొదట "బట్టలు కూడా రాస్తారా" అన్నారట. బిల్లు చూపించేసరికి 13 వేల జాకెట్టా అని ఆశ్చర్యపోయి రాశారు.

మా లాయర్ గారు మోటారు యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్‌లో వైద్యం ఖర్చు, పోయిన జీతం వగైరాలతో పాటు దుస్తులు, వస్తువుల నష్టం అనే పద్దు కింద 38 వేలు అడిగారు. ఆ పద్దు కింద మామూలుగా వెయ్యో రెండు వేలో అడిగి ఊరుకుంటారని, ఇంత మొత్తానికి బిల్లులు జత చేయడం తనకు ఇదే మొదటిసారని ఆవిడే చెప్పారు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. మిగతా పద్దులతో కలిపి గేర్‌కు 24 వేలు లెక్క కట్టారు. పూర్తిగా రాలేదు, రెండేళ్లు పట్టింది. అయినా వచ్చింది.

ఎదుటి వాహనం తప్పు ఉంటే మాత్రం గేర్‌ను వదిలేయకండి. అది మీ ఆస్తి. బండి బంపర్ ఎలాగో మీ హెల్మెట్ అలాగే.

---

అమీర్‌పేట్_390 (హైదరాబాద్)
ఆదివారం, మధ్యాహ్నం 1:10

అక్కా, చాలా మంచి సంగతి చెప్పారు. ఎదుటివాళ్ల థర్డ్ పార్టీ పాలసీలో (వాళ్ల బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండేది) ఆస్తి నష్టానికి పరిమితి ఉంటుంది కదా, గేర్ అందులోకి వస్తుందా?

---

సర్వే_బాబాయ్ (గుంటూరు)
ఆదివారం, మధ్యాహ్నం 2:45

వస్తుంది బాబూ. మోటారు వాహనాల చట్టంలో థర్డ్ పార్టీ ఆస్తి నష్టం కూడా ట్రిబ్యునల్ పరిధిలోనే ఉంది. కారు, లారీల పాలసీల్లో ఆ పరిమితి మామూలుగా 7.5 లక్షలు, టూవీలర్‌కు లక్ష. కొందరు ప్రీమియం తగ్గించుకోవడానికి దాన్ని 6 వేలకు కుదించుకుంటారు. అలాంటి వాహనం మిమ్మల్ని గుద్దితే మిగతాది ఓనర్ నుంచి రాబట్టాలి.

విశాఖ అమ్మాయి చేసిన పనిలో గొప్పతనం పంచనామా దగ్గరే ఉంది. మూడు నెలల తర్వాత జాకెట్ పట్టుకెళ్తే అది ఆ ప్రమాదంలోనే చిరిగిందని ఎవరు నమ్ముతారు? ఇప్పుడు పద్ధతి కూడా మారింది. 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ మొదటి రెండు రోజుల్లోనే మీ గేర్ సంగతి వాళ్ల చెవిన వేయండి. క్లెయిమ్ పిటిషన్‌ను కూడా ఆరు నెలలు దాటనివ్వకండి.

రాజమండ్రి బాబూ, మీది ఒంటరిగా పడిన కేసు కాబట్టి ఈ దారి మీకు లేదు.

---

లెస్టర్_తెలుగువాణ్ణి (లెస్టర్, ఇంగ్లండ్)
ఆదివారం, రాత్రి 8:20

మాది తెనాలి. ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. ఈ దేశంలో బైక్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడే "హెల్మెట్, లెదర్స్ కవర్ కావాలా" అని అడుగుతారు. పేరు లెదర్స్ అయినా టెక్స్‌టైల్ జాకెట్, ప్యాంటు, గ్లవ్స్, బూట్లు కూడా అందులోకే వస్తాయి. నా పాలసీలో 1,500 పౌండ్ల దాకా ఉంది. కొన్ని పాలసీల్లో విడిగా డబ్బు కట్టకుండానే ఉంటుంది.

ఇక్కడేదో స్వర్గం అనుకోకండి. షరతులు ఉన్నాయి. నా దాంట్లో అదే యాక్సిడెంట్‌లో బండికీ దెబ్బ తగలాలి. హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించి కాఫీకి వెళ్తే, అది పోతే రాదు. కొత్త ధర ఇవ్వరు, వాడిన కాలం తీసేసి ఇస్తారు. నాలుగేళ్ల జాకెట్‌కు నాకు కొన్న ధరలో సగం కూడా రాలేదు. ఎదుటివాళ్ల తప్పయితే వాళ్ల ఇన్సూరెన్స్ నుంచే గేర్ డబ్బు అడుగుతాం. మన విశాఖ చెల్లి చేసినట్టే, కాకపోతే ఇక్కడ అది మామూలు వ్యవహారం.

ఒక్కటి మాత్రం మన దగ్గరా ఉంటే బాగుండు అనిపిస్తుంది. ప్రమాణాలకు సరిపోయే మోటార్‌సైకిల్ హెల్మెట్ మీద ఇక్కడ వ్యాట్ సున్నా. ప్రాణం కాపాడే వస్తువు మీద పన్ను వేయకూడదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా. మన దగ్గర హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల ఫైన్ వేస్తారు, మంచిదే. కొనేవాడి మీద భారం కూడా తగ్గిస్తే ఇంకా మంచిది.

---

అమీర్‌పేట్_390 (హైదరాబాద్)
సోమవారం, ఉదయం 9:00

నా అభిప్రాయం కొంచెం తేడాగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఇన్సూరెన్స్ అనేది మనం తట్టుకోలేని నష్టానికి. 50 వేల గేర్ నష్టం బాధే కానీ, మనల్ని రోడ్డున పడేసేది కాదు. అంత చిన్న మొత్తానికి ప్రీమియం కట్టి, ఫారాలు నింపి, అరుగుదల కోతలు పోగా వచ్చేది ఎంత? నేను రెండేళ్ల నుంచి నెలకు 800 రూపాయలు ఒక ఆర్‌డీలో వేస్తున్నాను. దాని పేరే గేర్ ఖాతా. ఇప్పటికి 19 వేల పైనే ఉంది. పడకపోతే ఆ డబ్బు నాదే.

---

కార్గిల్_దాకా (హనుమకొండ)
సోమవారం, ఉదయం 10:25

తమ్ముడూ, నీ లెక్క మంచిదే. కానీ ఖాతా తెరిచిన మూడో నెలలో పడితే? అప్పుడు 2,400 ఉంటుంది, హెల్మెట్ వైజర్ కూడా రాదు. నేను ఎక్కువగా చూసింది ఇదే. పడ్డవాళ్లు బండి బాగు చేయించుకుంటారు, ఎందుకంటే ఇన్సూరెన్స్ ఉంది. పగిలిన హెల్మెట్ అలాగే వాడతారు, ఎందుకంటే దానికి లేదు. నా గ్రూపులో ఒకతను లడఖ్‌లోని జాన్స్కార్ దారిలో పడి, లోపల నలిగిన హెల్మెట్‌తోనే పద్దెనిమిది రోజులు తిరిగి హైదరాబాద్ దాకా వచ్చాడు. లేహ్‌లో కొత్తది దొరికేది. "ఇంటికెళ్లాక చూద్దాంలే అన్నా" అన్నాడు. నేను గట్టిగా చెప్పలేకపోయాను, ఇప్పటికీ అది నన్ను తొలుస్తూనే ఉంటుంది. డబ్బు ఎలా వచ్చినా సరే, ఆర్‌డీ నుంచో పాలసీ నుంచో, మర్నాడే కొత్త హెల్మెట్ కొనుక్కునేలా ఉండాలి.

లడఖ్, స్పితి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఇక్కడి నుంచి బండిని రైలు పార్శిల్‌లో వేసి ఢిల్లీలోనో చండీగఢ్‌లోనో దించుకుంటాం కదా. గోనె పట్టాలు చుట్టేటప్పుడు జాకెట్, బూట్లు కూడా బండికే కట్టేస్తారు కొందరు. ఆ పని చేయకండి. విలువ డిక్లేర్ చేసి పర్సంటేజ్ ఛార్జీ (ఆ విలువ మీద శాతం లెక్కన అదనపు రుసుము) కట్టకపోతే, వస్తువు పోయినప్పుడు రైల్వే ఇచ్చేది దాని ధర ప్రకారం కాదు, కిలోల లెక్కన. రెండు కిలోల జాకెట్‌కు కిలోల లెక్కన ఎంత వస్తుందో మీరే ఆలోచించండి. గేర్ మనతో పాటే ప్రయాణం చేయాలి. ఎయిర్‌బ్యాగ్ వెస్ట్ (పడగానే గ్యాస్‌తో ఉబ్బే కోటు) ఉన్నవాళ్లు విమానంలో వెళ్తుంటే గ్యాస్ క్యాట్రిడ్జ్ సంగతి ఎయిర్‌లైన్‌ను ముందే అడగండి.

---

అమీర్‌పేట్_390 (హైదరాబాద్)
సోమవారం, ఉదయం 11:05

మూడో నెల మాట నిజమే అన్నా, ఒప్పుకుంటున్నాను. మొదట్లోనే కనీసం ఒక హెల్మెట్ ధర ఒకేసారి వేసి ఖాతా మొదలుపెట్టాలి. నేను అలా చేయలేదు.

---

పాలమూరు_వీస్ట్రోమ్ (మహబూబ్‌నగర్)
సోమవారం, రాత్రి 9:50

హెల్మెట్ కవర్ యాడ్ ఆన్ తీసుకున్నవాణ్ణి నేను. క్లెయిమ్ చేశాను, రిజెక్ట్ అయింది, మళ్లీ పోరాడాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

శ్రీశైలం ఘాట్‌లో మన్ననూర్ దాటాక కోతి అడ్డొచ్చి పడ్డాను. బండి క్లెయిమ్ పాసైంది, హెల్మెట్ మాత్రం రిజెక్ట్. కారణం రెండు ముక్కల్లో రాశారు, బిల్లు నా పేరు మీద లేదని. నిజమే. ఆన్‌లైన్‌లో మా చెల్లెలి అకౌంట్ నుంచి కొన్నాను, బిల్లు ఆమె పేరు మీదే వచ్చింది. కానీ పాలసీ పత్రంలో బిల్లు ఓనర్ పేరు మీదే ఉండాలని ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను. కొన్నట్టు రుజువు అని మాత్రమే ఉంది.

అదే లైను కింద గీత గీసి, కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కు మెయిల్ పెట్టాను. వాళ్లు అదే జవాబు తిప్పి పంపారు. తర్వాత ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల నియంత్రణ సంస్థ) వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టాను. అది పెట్టిన పన్నెండో రోజు కంపెనీ నుంచే ఫోన్ వచ్చింది, చెల్లెలితో ఒక లెటర్ రాయించి పంపమన్నారు. పంపాను, డబ్బు పడింది. ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ (ఇలాంటి గొడవలు తీర్చే అధికారి) దాకా వెళ్లే అవసరం రాలేదు. వెళ్లాల్సి వస్తే మన రెండు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్లాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. వాళ్లు నన్ను అడిగిన మొదటి ఫొటో హెల్మెట్ వెనక ఉన్న ఐఎస్ఐ గుర్తు. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో అమ్మే టూవీలర్ హెల్మెట్‌కు ఆ గుర్తు తప్పనిసరి, ఐఎస్ 4151 అనే ప్రమాణం ప్రకారం. చాలామంది బయటి దేశం నుంచి తెప్పించుకున్న, ఈసీఈ (యూరప్ ప్రమాణం) స్టిక్కర్ మాత్రమే ఉన్న హెల్మెట్లు వాడుతున్నారు. అవి నాసిరకం అని నేను అనను, ఈసీఈ 22.06 చాలా గట్టి పరీక్షే. కానీ క్లెయిమ్ రోజున అవతలివాళ్లకు కాదనడానికి ఒక సాకు దొరుకుతుంది. రెండు గుర్తులూ ఉన్నవి ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి.

---

సర్వే_బాబాయ్ (గుంటూరు)
మంగళవారం, ఉదయం 6:50

మిగతాది రాస్తానన్నాను కదా.

గేర్ ఇంట్లో ఉన్నప్పుడు అది ఇంటి సామాను. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఇచ్చే భారత్ గృహ రక్ష పాలసీలో ఇల్లు ఇన్సూర్ చేయిస్తే సామానుకు ఇంటి విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతట అదే వస్తుంది. అగ్ని ప్రమాదం, వరద, తుపాను వీటికి. విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ల గేర్ ఎంత బురద పాలైందో నేను కళ్లారా చూశాను. ఒక కుర్రాడు నాలుగు రోజులు నీళ్లలో నానిన బూట్లు తలకిందులు చేస్తే బురద ముద్ద ముద్దగా పడింది. అతనికి ఆ పాలసీ లేదు. ఉంటే సామాను కింద వచ్చేది.

మామూలు దొంగతనం అందులో ఉండదు. అగ్నో వరదో వచ్చిన ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనమే వస్తుంది. దొంగల భయానికి బర్గ్లరీ కవర్ విడిగా తీసుకోవాలి. ఇల్లు దాటి బయట ఉన్న వస్తువుకు ఆల్ రిస్క్ పాలసీ అని ఒకటి ఉంది. కెమెరాలకు, నగలకు తీసుకుంటారు. రైడింగ్ గేర్ అంటే బ్రాంచిలో మొహాలు చూసుకుంటారు, నిజమే. కెమెరా, ఇంటర్‌కమ్, జీపీఎస్ లాంటి వాటితో కలిపి ఐటమ్ వారీగా లిస్టు రాసి అడగండి. ఒప్పుకుంటే పత్రంలో ప్రతి వస్తువూ విడిగా కనిపించాలి. "వాడుతుండగా జరిగిన నష్టం" గురించి ఏం రాశారో చదవండి. కింద పడి చిరగడం వస్తుందా రాదా అన్నది ఆ ఒక్క వాక్యంలో తేలుతుంది. నోటి మాట నమ్మొద్దు, మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తీసుకోండి.

అడ్వెంచర్ రైడర్లు ఇంకో రెండు సంగతులు తెలుసుకోవాలి. ర్యాలీలు, రేసులు, స్పీడ్ టెస్టులు, రిలయబిలిటీ ట్రయల్స్‌లో (బండి ఎంతకు తట్టుకుంటుందో చూసే పోటీలు) వాడితే బండి పాలసీయే పనిచేయదు. ఆఫ్ రోడ్ ట్రైనింగ్‌కు వెళ్లేటప్పుడు అది ఏ లెక్కలోకి వస్తుందో ముందే రాతపూర్వకంగా అడగండి. నేపాల్, భూటాన్ వెళ్తుంటే భౌగోళిక పరిధి పెంచే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే పత్రం) తీసుకోవాలి. సరిహద్దు దాటాక అది లేకపోతే బండికే దిక్కుండదు, ఇక గేర్ మాట ఎందుకు.

---

విశాఖ_ఎక్స్‌పల్స్ (విశాఖపట్నం)
మంగళవారం, రాత్రి 8:15

బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్. నేను చేసే ఒక పని చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కొత్త గేర్ వచ్చిన రోజే మంచం మీద పరిచి ఫొటోలు తీస్తాను. బయట ఒకటి, లోపలి లేబుల్ ఒకటి. జాకెట్ లేబుల్ మీద ఈఎన్ 17092 (యూరప్ ప్రమాణం నంబరు) అని, పక్కన ఏ, ఏఏ, ఏఏఏ లాంటి గ్రేడ్ ఉంటుంది. ఆర్మర్ బయటికి తీస్తే దాని మీద ఈఎన్ 1621, లెవల్ 1 లేదా 2 అని ముద్ర ఉంటుంది. గ్లవ్స్‌కు, బూట్లకు కూడా ఇలాంటి నంబర్లే. మా లాయర్ గారు పిటిషన్‌లో "జాకెట్" అని కాకుండా "ఈఎన్ 17092 ఏఏ శ్రేణి రక్షణ జాకెట్, లెవల్ 2 ఆర్మర్‌తో" అని రాశారు. అలా రాశాక అవతలి వకీలు గారు దాన్ని మామూలు బట్ట అని కొట్టిపారేయలేకపోయారు.

షాపు బిల్లు థర్మల్ కాగితం అయితే ఆరు నెలల్లో తెల్లబడిపోతుంది. కొన్న రోజే ఫొటో తీసి మీకే మెయిల్ చేసుకోండి.

---

కార్గిల్_దాకా (హనుమకొండ)
బుధవారం, ఉదయం 8:40

రాజమండ్రి తమ్ముడూ, జాకెట్ మొత్తం మార్చే పని లేకపోవచ్చు. ఆర్మర్ ముక్కలు విడిగా దొరుకుతాయి. గుడ్డ చిరిగిన చోట కంపెనీ సర్వీసుకు పంపితే ప్యానెల్ మార్చి కుడతారేమో అడుగు. వీధి చివర టైలర్‌తో మామూలు దారంతో కుట్టించకు, ఈసారి జారినప్పుడు ఆ కుట్టే మొదట తెగుతుంది. కొన్ని హెల్మెట్ కంపెనీలు క్రాష్ రీప్లేస్‌మెంట్ ఇస్తాయి. పడ్డ హెల్మెట్ పంపితే కొత్తది తగ్గింపు ధరకు ఇస్తారు. నీ వారంటీ కార్డు చూడు.

---

తూర్పుకనుమ_450 (రాజమండ్రి)
ఐదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:30

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అందరూ ఇంత ఓపికగా రాశారు, ఏం చేశానో చెప్పడం నా బాధ్యత.

జాకెట్ కంపెనీకి ఫొటోలు పంపితే తీసుకుని బాగు చేసి ఇచ్చారు. మోచేతి ప్యానెల్ కొత్తది, కుట్లు మూడు వరుసలు. 1,600 అయింది, కొరియర్‌తో కలిపి. బూటుకు బకిల్ ఒక్కటే తెప్పించి వేయించాను, 450. గ్లవ్స్ కొత్తవి కొన్నాను. హెల్మెట్‌కు నా కంపెనీలో క్రాష్ రీప్లేస్‌మెంట్ లేదు, పూర్తి ధర పెట్టి కొన్నాను. ఐఎస్ఐ, ఈసీఈ రెండూ ఉన్నది. అంటే 51 వేలు అనుకున్నది దాదాపు 23 వేలలో తేలింది.

పాలసీ రెన్యువల్ వచ్చే నెల. హెల్మెట్ యాడ్ ఆన్ ఉన్న కంపెనీకి మారుతున్నాను. పాలసీ పత్రం ముందే తెప్పించుకుని, బిల్లు ఎవరి పేరు మీద ఉండాలి, సింగిల్ వెహికల్ యాక్సిడెంట్‌కు వర్తిస్తుందా అని మెయిల్‌లో అడిగాను. రెండో దానికి అవునని జవాబు వచ్చింది, మొదటి దానికి ఇంకా రాలేదు. వచ్చేదాకా డబ్బు కట్టను. ఫాగ్ లైట్లు, టాప్ బాక్స్ కూడా విలువతో రాయించుకుంటున్నాను. అమీర్‌పేట్ బ్రో చెప్పినట్టు ఆర్‌డీ కూడా తెరిచాను, మొదటి నెలే 15 వేలు వేసి.

పాత హెల్మెట్ సంగతి. బండి తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు దాన్ని మెకానిక్‌కు చూపిద్దామని పట్టుకెళ్లాను. అక్కడ పనిచేసే కుర్రాడు, పంతొమ్మిదేళ్లు ఉంటాయి, చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి "అన్నా, గీతలేగా పడ్డాయి, మీరు వాడకపోతే నాకిస్తారా" అన్నాడు. ప్యాడ్ తీసి, టార్చి వేసి ఆ చీలిక చూపించాను. కాసేపు వేలితో తడిమి చూశాడు. తర్వాత వాడే లోపలికెళ్లి కటింగ్ ప్లయర్ తెచ్చాడు. రెండు స్ట్రాపులూ మొదలంటా కత్తిరించి, పైన మార్కర్‌తో "వాడరాదు" అని రాసి షాపు గోడకు తగిలించాం. ఆ సాయంత్రమే వాణ్ణి మెయిన్ రోడ్డు షాపుకు తీసుకెళ్లి, తలకు సరిపోయే సైజు చూసి ఒక ఐఎస్ఐ హెల్మెట్ ఇప్పించాను. 1,350 అయింది. బిల్లు వాడి పేరు మీదే రాయించాను.

---

సర్వే_బాబాయ్ (గుంటూరు)
సోమవారం, ఉదయం 6:30

శుభం బాబూ. ఆ మొదటి ప్రశ్నకు జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి, మా అబ్బాయి రెన్యువల్ కూడా వచ్చే నెలే.